పాతపిల్లల వడ్డన

యానాం
ఫిబ్రవరి మొదటివారం

శ్రీమతి కె. రంజని గారికి,

నమస్కారం. లీలమ్మ టీచర్ పుదుచ్చేరిలో మొదలుపెట్టిన తెలుగు వేసవి క్యాంపుకి ఈ మే నెలతో ముప్ఫై ఏళ్లు నిండుతున్నాయి. ఆ క్యాంపులో చదువుకుని ఇప్పుడు తలో ఊళ్లో స్థిరపడిన పాతపిల్లలందరినీ వెతికి పట్టుకుని 'పాతపిల్లల సంఘం' ఏర్పాటు చేసిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. సంఘం మొదటి సమ్మేళనం మే రెండో ఆదివారం, మన పాత చోటే, వైతికుప్పం దగ్గరి పద్మనాభన్ గారి హాల్లో జరుగుతుంది. ఆహ్వానపత్రిక ఇందులో పెట్టాను. తప్పక విచ్చేయగలరు.

ఇంతవరకూ అందరికీ పంపిన ముక్క. ఇక్కణ్ణుంచి నీకు.

రంజనీ, సంఘం వాట్సాప్ గ్రూపులో నిన్ను చేర్చిన పూటే బయటికి పోయావు. ఫోన్ చేస్తే ఎత్తవు. అందుకే కాగితం పట్టాల్సి వచ్చింది. ఎంతైనా మనిద్దరం జత కదా. టీచర్ ప్రతి పుదుచ్చేరి పిల్లకీ ఒక యానాం పిల్లని జత కట్టి, ఏడాది పొడుగునా ఉత్తరాలు రాసుకోమనేవారు. మీ ఇళ్లలో తెలుగు మాట్లాడతారే గానీ అక్షరాలు రావని ఆవిడకి దిగులు. నీకు చదవడం రాయడం వచ్చింది నా ఉత్తరాల పుణ్యమేనని మరిచిపోలేదనుకుంటాను.

టీచర్ పోయాక క్యాంపుని నడుపుతున్నది నువ్వే కాబట్టి వేదిక మీద నీకు సన్మానం పెట్టాం. శాలువా ఏ రంగుదైతే బావుంటుందో రాయి. హాలు మనకి దొరికేది మే మొదటి రెండు వారాలే. వేదిక కట్టడానికి ఒక వారం, రిహార్సల్స్‌కీ వేడుకకీ ఒక వారం పడుతుంది. కనుక ఈ ఒక్క ఏడాదికి పిల్లల క్యాంపుని జూన్‌కి జరపాలని కమిటీ తీర్మానించింది.

ఇట్లు
పల్లవి
అధ్యక్షురాలు, పాతపిల్లల సంఘం


నెల్లితోపు, పుదుచ్చేరి
ఫిబ్రవరి మూడోవారం

పల్లవీ,

శ్రీమతి గారు, గాడిదగుడ్డు గారు. ఒకే చాప మీద పడుకుని, ఒకే దువ్వెనతో తల దువ్వుకున్నదానికి ఈ మర్యాదలెందుకు? ఎవరినైనా దూరం పెట్టాలంటే ముందు 'గారు' తగిలిస్తారని మీ ఆఫీసులో నేర్పినట్టున్నారు.

నీ ఆహ్వానపత్రికనీ ఉత్తరాన్నీ తిప్పి పంపుతున్నాను. చిన్నప్పుడు నా ఉత్తరాలన్నిటి మీదా ఎర్ర ఇంకుతో గీతలు పెట్టి వెనక్కి పంపేదానివి. ఇప్పుడు నా వంతు. నీ తెలుగులో తప్పులేమీ లేవులే, కంగారుపడకు. తప్పులన్నీ నీ బుర్రలో ఉన్నాయి.

మొదటి గీత చూడు. 'కొత్తపిల్లలు గుమ్మం దగ్గర పూలు చల్లి పాతపిల్లలకు స్వాగతం పలుకుతారు.' ఈ ముక్క రాయడానికి నీకు సిగ్గెయ్యలేదా? క్యాంపు మొదటిరోజు మధ్యాహ్నం ఏం జరిగేదో గుర్తుందా? పాతపిల్లలు వచ్చి, నడుం వంచి, కొత్తపిల్లల ఆకుల్లో వడ్డించేవాళ్లు. చివరి కొత్తపిల్ల ఆకు మడిచి లేచేదాకా ఒక్క పాతపిల్ల మెతుకు ముట్టేది కాదు. కలెక్టరు కొలువు చేస్తున్నవాడొచ్చినా సాంబారు బకెట్ మొయ్యాల్సిందే. పాత చెయ్యి వడ్డిస్తేనే కొత్త కడుపు నిండుతుందని టీచర్ అనేది. నువ్వు దాన్ని తలకిందులు చేసి, పసిపిల్లల్ని పూలబుట్టలతో ఎండలో నిలబెడతానంటున్నావు.

రెండో గీత, 'కేటరింగ్ ఏర్పాటు కలదు' అన్నచోట. దాని గురించి ఇక చెప్పేదేం లేదు.

మూడోది గీత కాదు, సున్నా చుట్టాను. జూన్! జూన్‌లో బళ్లు తెరుస్తారు. నీ కమిటీలో ఒక్కరికైనా పిల్లలున్నారా? మీ యానాం నుంచి పిల్లలు బడి ఎగ్గొట్టి వస్తారా? క్యాంపుని జరపడం కాదు నువ్వు చేస్తున్నది, ఎత్తెయ్యడం. క్యాంపు పుట్టినరోజు చేస్తానని చెప్పి క్యాంపు గొంతు పిసుకుతున్నావు.

శాలువా రంగు అడిగావు. మాది బట్టలకొట్టు. శాలువాలు మేమే అమ్ముతాం. ఎవరికి కప్పాలో, ఎవరి నోట్లో కుక్కాలో మాకు తెలుసు.

రంజని


యానాం
ఫిబ్రవరి చివర

రంజనీ,

నీ ఎర్రగీతల కాగితం చూసి మా అత్తగారు వరలక్ష్మి గారు కోర్టు నోటీసేమో అనుకుని హడలిపోయారు. నేను మాత్రం నవ్వుకున్నాను. ఎనిమిదేళ్లుగా ఎవరినీ దగ్గరికి రానీయకుండా క్యాంపుని కొంగున ముడేసుకుని కూర్చున్నదానివి, పాతపిల్లల మర్యాద గురించి నాకు పాఠం చెబుతున్నావు.

వడ్డన గురించి ఓ పేజీ నింపావు కదా. నిరుడు మొదటిరోజు వడ్డించింది ఎవరు? వంటమనిషి లోగనాయకి. అంతకు ముందేడు? లోగనాయకి. ఆ ముందేడు లోగనాయకి, నువ్వూ. ఒక్క పాతపిల్ల ఆ గుమ్మం తొక్కలేదు. ఈ సంగతి చెప్పింది మీ ఊళ్లోనే ఉన్న శరవణన్. అరియాంకుప్పం నుంచి హాలుకి బస్సెక్కితే ఎంతసేపని? అతను కూడా రాలేదు. ఎందుకు రాలేదో ఎప్పుడైనా అడిగావా? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరు క్యాంపు పేరెత్తినా 'నేను లేకపోతే ఏమయ్యేది' అంటావట.

నేనేం చేశానో విను. టీచర్ పాత ఫొటోల్లో మొహాలు చూసి, ఒకరి ద్వారా ఇంకొకరిని పట్టుకుని, ఏడాదిపాటు ఫోన్లు చేశాను. చెన్నైలో విమల్ దొరికాడు. విశాఖలో సాయిరాం దొరికాడు. క్యాంపు పేరెత్తగానే సాయిరాం, అంత లావు మనిషి, ఫోన్లోనే ఏడ్చాడు. వాళ్లందరినీ ఒక తాటి మీదికి తెచ్చింది నేను. నువ్వు చేసిందల్లా గ్రూపులోంచి పోవడం. నీ క్యాంపుకి నిరుడు వచ్చిన పిల్లలు ఒక పంక్తికి కూడా సరిపోలేదని విన్నాను. ఇంకో రెండేళ్లకి నువ్వూ లోగనాయకీ ఎదురెదురుగా కూర్చుని ఒకళ్లకొకళ్లు వడ్డించుకోవాలి.

హాలు సంగతి. పద్మనాభన్ గారితో మాట్లాడాను. సంతోషంగా ఇస్తానన్నారు. నీకు చెప్పాల్సిన బాధ్యత ఉంది కాబట్టి చెబుతున్నాను, అంతే.

పల్లవి


నెల్లితోపు, పుదుచ్చేరి
మార్చి మొదటివారం

పల్లవీ,

వెన్నుపోటు పొడిచి, పొడిచానని పోస్టులో తెలియజేసే మర్యాద ఒక్క నీకే ఉంది.

ఉత్తరం అందిన సాయంత్రమే పద్మనాభన్ మామ ఇంటికి వెళ్లాను. ముప్ఫై ఏళ్లుగా ఊరికే హాలు ఇస్తున్న మనిషి, ఆయన మీద అరవకూడదని దారంతా నాకు నేనే చెప్పుకున్నాను. అయినా అరిచాను. ఆయన ఉయ్యాల మీంచి లేవకుండా మొత్తం విన్నాడు.

"ఏంది రంజనీ, ఇప్పుడొచ్చి ఇంత సత్తం పెడితే ఎట్ట? ఆయమ్మ నెలకోపారి ఫోన్ చేస్తాది. మామా బాగుండావా, కాలునొప్పి తగ్గిందా అంటాది. నువ్వు మేలో హాలు తీసేదానికి బీగంచెవికి వస్తావు, మళ్లా బీగంచెవి ఇచ్చేదానికి వస్తావు. మద్దెలో యాడ కనపడతావు నువ్వు?"

నేనేదో అనబోయాను. చెయ్యి అడ్డం పెట్టాడు.

"పోదుమ్మా, ఇంక చాలు. మీ జగడంతో నాకు తొందరవు ఇయ్యబాకండి. హాలు ఒకటే ఉండేది. ఉగాది లోపల మీరిద్దురూ కూడి ఒక మాట చెప్పండి. చెప్తిరా, సెరి. లేదంటే ఈ ఏడు నుంచి మేనెలంతా కల్యాణాలకి ఇడిచేస్తా. నా కొడుకు ఎప్పుటినించో అడగతా ఉండాడు."

అర్థమైందా నువ్వు పెట్టిన చిచ్చు? ఒకసారి పెళ్లిళ్లకి ఇచ్చిన హాలు మళ్లీ మనకి తిరిగిరాదు. ఈ ఏడు నీ వేడుకా లేదు, నా క్యాంపూ లేదు. ఇక ఎప్పటికీ లేదు. ఈ ఊళ్లో అద్దెకి ఇంకో చోటు తీసుకునే స్తోమత మాకు లేదని నీకూ తెలుసు.

ఈ ఏడు రావాల్సిన పిల్లల్లో చెంగల్రాయన్ తాత మనవరాలు ప్రియా ఒకతి. అవ్వతో తెలుగులో గలగలా మాట్లాడుతుంది. మీ యానాం బస్సు మీద పేరు చూపించి ఏం రాసుందో చెప్పమంటే, 'అన్నీ గుండ్రంగా ఉండాయి, జిలేబీలా?' అంది. మే ఎప్పుడొస్తుందని రోజూ మా కొట్టుకి వచ్చి అడుగుతోంది. దానికేం చెప్పను? నీకు అక్షరాలు వద్దు, ఒక పూలబుట్ట పట్టుకుని అత్తలకి మామలకి స్వాగతం చెప్పు అననా?

శరవణన్ రాలేదన్నావు. ఎవరూ రాలేదన్నావు. నీకు మాత్రం ఉత్తరం రాయలేదా నేను? టీచర్ పోయిన ఏడాది రాశాను, ఆ మరుసటేడూ రాశాను. జవాబు లేదు. నువ్విక్కడ కాలేజీలో చేరాక, నీ స్నేహితురాళ్ల ముందు నేను 'యాడ' అన్నందుకు, 'వాళ్ల తెలుగు అంతే' అని వాళ్లతో కలిసి నవ్వినప్పుడే నాకు తెలిసుండాల్సింది. నీకు జత వాళ్లు, ఊరికే జనం నేను. ఆ రోజు కాలేజీ కేంటీన్లో నేను మీ వెనక బల్ల దగ్గరే ఉన్నాను.

రంజని


యానాం
మార్చి రెండోవారం

రంజనీ,

వెనక బల్ల దగ్గర ఉన్నావని ఇరవై ఏళ్ల తర్వాతా చెప్పేది? అప్పుడే వచ్చి చెంప పగలగొట్టి ఉంటే అక్కడితో పోయేది. నేనూ ఏడ్చి ఊరుకునేదాన్ని. నువ్వు అలా చెయ్యవు. మూతి బిగించుకుని, ఎదుటివాళ్లు తమంతట తామే తెలుసుకోవాలని కూర్చుంటావు. మనుషులకి దివ్యదృష్టి ఉందనుకుంటావు.

నీ రెండు ఉత్తరాలూ నాకు గుర్తున్నాయి. 'క్యాంపు బాగా జరుగుతోంది. హాలు దొరికింది. వంటకి మనిషి కుదిరింది. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.' ఇదీ నువ్వు రాసింది. దానికి ఏమని జవాబివ్వను? సంతోషం అని రాయనా? నేను ఆ ఏడు సెలవు కూడా పెట్టుకున్నాను. మొదటిరోజు వడ్డనకి పిలుస్తావని ఏప్రిల్ నెలాఖరుదాకా ఎదురుచూశాను. ఒక్క 'రా' అన్న మాట లేదు. పిలవని పేరంటానికి వెళ్లే అలవాటు మా ఇంట్లో లేదు. శరవణన్ చెప్పిందీ అదే. 'మమ్మల్నెవురు పిలిచినారు?' అన్నాడు. విమల్ అదే అన్నాడు. ఎవరిని కదిపినా అదే మాట.

అసలు ఇది మీ ఇంటి జబ్బు. కాలేజీలో చేరిన మొదటి ఆదివారం హాస్టల్ నుంచి మీ ఇంటికి వచ్చాను. మీ అమ్మ వంటంతా చేసి పక్కన పెట్టి, కొట్లో పని చూసుకుంటూ కూర్చుంది. 'భోంచెయ్యమ్మా' అని ఒక్క మాట అనలేదు. నువ్వేమో కంచం తెచ్చుకుని గబగబా తింటున్నావు. నేను హాల్లో పేపరు తిరగేస్తూ ఆకలితో మాడి, హాస్టల్‌కి పోయి బన్ను తిన్నాను. అంత పిసినారి మనుషులని అప్పటిదాకా తెలియదు.

పద్మనాభన్ గారు నాకూ ఫోన్ చేసి అదే చెప్పారు, ఉగాది లోపల అని. నేను తగ్గను. గ్రూపులో అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు, అందరూ వస్తామన్నారు. అయినా నీకో అవకాశం ఇస్తున్నాను. వడ్డనకి రమ్మని నన్ను నువ్వు పిలువు. ఒక్క మాట. పిలిస్తే హాలు వదిలేస్తాను. ఆ మాట నీ నోట రాదని నాకు తెలుసు.

పల్లవి


నెల్లితోపు, పుదుచ్చేరి
మార్చి మూడోవారం

పల్లవీ,

మా అమ్మని పిసినారి అన్నావు. నీ ఉత్తరం చించేద్దామని రెండుసార్లు చేతిలోకి తీసుకున్నాను.

ఆ ఆదివారం రాత్రి నేనే అమ్మని అడిగాను, ఆ పిల్ల తినకుండానే పోయిందే, తినమని చెప్పకూడదా అని. అమ్మ నా మొహం వింతగా చూసింది. "మనింటి పిల్లకి చెప్పాల్నా? కంచం యాడుందో తెలుసు కదా!" అంది. చుట్టాలు వస్తే ఎదురెళ్లి, కాళ్లకి నీళ్లిచ్చి, వద్దన్నా వడ్డిస్తాం. ఇంటివాళ్లని పిలవడమంటే బయటివాళ్లని చెయ్యడమే. నిన్ను పిలవలేదంటే మా అమ్మ నీకు ఎంత పెద్దపీట వేసిందో నీకు ఈ జన్మకి అర్థం కాదు. వచ్చే ఆదివారం నువ్వు మళ్లీ వస్తావని నీ కోసం ఒక కంచం కొని పెట్టింది. నువ్వు రాలేదు. ఆ కంచం ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది.

క్యాంపు కూడా నాకు అంతే. నువ్వూ శరవణనూ విమలూ దానికి చుట్టాలా? మే మొదటి ఆదివారం ఎక్కడ ఉండాలో పాతపిల్లకి చెప్పాలా? ఎవరూ రాకపోతే నాకేమనిపించిందో తెలుసా? ఇంట్లోవాళ్లే ఇల్లు వదిలి పోయారనిపించింది. లోగనాయకి వడ్డిస్తుంటే నేను స్తంభం చాటున నిలబడి ఏడ్చాను. ఇప్పుడు నువ్వొచ్చి, మా ఇంట్లో నాకే ఆహ్వానపత్రిక ఇచ్చి, శాలువా కప్పుతానంటావు.

ఇంకో మాట. మా వాళ్లలో పోస్టు పిలుపు పిలుపు కాదు, ఫోన్ పిలుపు అసలే కాదు. నీ గ్రూపులో మా ఊరివాళ్లు పెట్టిన చప్పట్లు నమ్ముకోకు. గడప దగ్గరికొచ్చి బొట్టు పెట్టకపోతే ఒక్కరూ కదలరు. కాబట్టి ఆ మాట కాగితం మీద నా చేత్తో రాయను. నువ్వు హాలు ఇవ్వకపోయినా సరే.

రంజని


యానాం
ఉగాది

రాక్షసీ,

నీకసలు బుద్ధుందా?

నాలుగు రోజుల కిందట మిట్టమధ్యాహ్నం తలుపు కొడితే ఎవరో పెళ్లిపిలుపులకి వచ్చారనుకుని మా అత్తగారు తలుపు తీశారు. వెనకాల నేను. రాత్రంతా రైల్లో కూర్చుని, కాకినాడలో దిగి, బస్సు పట్టుకుని, చెమటతో నుదుటికి అతుక్కుపోయిన జుట్టుతో గడప అవతల నువ్వు. చేతిలో కుంకుమభరిణె. నా ముఖాన బొట్టు పెట్టావు. బొట్టు అనకూడదు దాన్ని, వేలితో పొడిచావు. ఆకూ వక్కా చేతిలో కుక్కి, 'మే మొదటి ఆదివారం. వడ్డనకి రా' అని, ఎవరినో తిట్టినట్టు చెప్పి, నేను నోరు తెరిచేలోపే గేటు దాటిపోయావు. అలా ఎవరైనా పిలుస్తారా? మా అత్తగారు అయితే, "ఆవిడకి మనమేమైనా అపకారం చేశామేంటే?" అని సాయంత్రందాకా అడుగుతూనే ఉన్నారు.

అన్న మాట మీద నిలబడ్డాను. ఆ పూటే పద్మనాభన్ గారికి ఫోన్ చేసి, హాలు పిల్లలకే అని చెప్పాను. "ఇద్దురూ కూడి చెప్పమన్నాను గదమ్మా, ఆయమ్మ యాడ?" అన్నారు. బస్సులో ఉంది మామా, మా ఇంటికొచ్చి పోతోంది అన్నాను. పెద్దగా నవ్వారు.

ఇక గ్రూపు. సమ్మేళనం లేదు, వేదిక లేదు, పూలు లేవు, వడ్డనకి వచ్చేవాళ్లు చెప్పండి అని పెట్టాను. అంతవరకూ పొద్దున్నే గులాబీల బొమ్మలు, చప్పట్ల బొమ్మలు పెట్టినవాళ్లందరూ మాయమైపోయారు. రోజంతా గ్రూపు శ్మశానంలా ఉంది. ఒక్కరూ లేరు. నువ్వే గెలిచావనుకుని నాకు ఏడుపొచ్చింది. మర్నాడు చిరాకేసి మాట మార్చాను. వస్తారా అని అడగలేదు. అన్నం ఎవరు, పప్పు ఎవరు, రసం ఎవరు, నీళ్లు ఎవరు అని అడిగాను. చూడు ఇక! చిన్నప్పుడు అప్పళాలు దొంగిలించి తిన్న సాయిరాం, అప్పళాల బుట్ట తనదే అన్నాడు. వాడికిస్తే పిల్లలదాకా రావని విమల్. రసం నాదంటే నాదని ఇద్దరు ఆడవాళ్లు బూతులొక్కటే తక్కువగా తిట్టుకున్నారు. ఇన్నాళ్లూ నోరు తెరవనివాళ్లు కూడా, మజ్జిగ ఎవరికిచ్చారని నిలదీస్తూ నాకు ఫోన్లు చేస్తున్నారు.

మీ ఊరివాళ్లు మాత్రం ఇంకా కదల్లేదు. యానాం దాకా వచ్చినదానివి అరియాంకుప్పం వెళ్లలేవా? భరిణె పట్టుకుని బయల్దేరు. ఈసారి కాస్త మెత్తగా పెట్టు బొట్టు.

పల్లవి


నెల్లితోపు, పుదుచ్చేరి
ఏప్రిల్ మూడోవారం

పల్లవీ,

నువ్వు చెప్పావని వెళ్లలేదు. నాకే తోచి వెళ్లాను. అరియాంకుప్పంలో శరవణన్ గడపలోనే కూర్చుని ఉన్నాడు. "ఏంది రంజనీ, మా ఇంటికి తోవ ఇప్పుటికి తెలిసిందా?" అన్నాడు. బొట్టు పెట్టించుకునేదాకా దెప్పుతూనే ఉన్నాడు. పెట్టాక అరిటాకులు తన తోటలోవే అన్నాడు. అలా ఊరంతా తిరిగాను. ప్రతి ఇంట్లోనూ ముందు తిట్లు, తర్వాత కాఫీ. మా ఇంటి పద్ధతి ఎంత మంచిదైనా, గడప దాటి వెళ్లి చెప్పకపోతే అది ఎవరికీ తెలియదని అర్థమైంది. ఈ మాట నీకు రాయాల్సి రావడం నాకేం ఇష్టంగా లేదు.

హాలు బీగంచెవి తెచ్చుకున్నాను. ఈసారి మామ కాలునొప్పి గురించి అడిగాను. ఆయన అనుమానంగా చూశాడు.

నీకు పప్పు ఇస్తున్నాను. రసం ఇవ్వను, చిన్నప్పుడు బకెట్ ఒంపి నా పావడా పాడుచేశావు. ప్రియా ఆకు మొదటి పంక్తిలో ఉంటుంది, ముందు దానికి వెయ్యి. అధ్యక్షురాలి బ్యాడ్జీ పెట్టుకుని వస్తే గుమ్మంలోనే పీకేస్తాను. క్యాంపు నియమం ప్రకారం జతవాళ్ల చాపలు పక్కపక్కనే వెయ్యాలి. అందుకే వేస్తున్నాను, నీ మీద ప్రేమ కారిపోయి కాదు.

అన్నీ సర్దుకున్నాయి గానీ, మనసులో ఒక ముల్లు ఉంది, అదీ అనేస్తాను. వెనక బల్ల దగ్గర కూర్చున్నట్టు ఇంకో ఇరవై ఏళ్లు దాచుకోను. ఆ రోజు మీ గడప దగ్గర నిలబడినప్పుడు ముందురోజు రాత్రి నుంచి నా కడుపులో ఏమీ లేదు. లోపల్నుంచి మామిడికాయ పప్పు పోపు వాసన వస్తోంది. నేను గేటు దాకా మెల్లగానే నడిచాను, నువ్వు రాసినట్టు పరుగెత్తలేదు. గేటు గడియ తీస్తూ కూడా ఆగాను. 'భోంచేసి వెళ్లు' అన్న ఒక్క మాట నీ నోట రాలేదు. పగవాళ్లనైనా అంటారు ఆ మాట.

రంజని


యానాం
ఏప్రిల్ చివర

రంజనీ,

రైలు టిక్కెట్టు తీసుకున్నాను. పప్పు గరిటె నాదే తెచ్చుకుంటాను, మీ క్యాంపు గరిటెలు నాకు తెలుసు.

భోజనానికి ఉండమనలేదన్న మాట నిజమే. మా అత్తగారూ అదే పట్టుకున్నారు. "అంత దూరం నుంచి వచ్చిన పిల్లని తిని వెళ్లమనవేంటే, ఇదేం మర్యాద?" అని వారం రోజులు నా ప్రాణం తీశారు. నీ ఉత్తరం వచ్చాక ఆవిడకి సమాధానం చెప్పాను. మనింటి పిల్లకి చెప్పాల్నా అత్తయ్యా, కంచం యాడుందో తెలుసు కదా అని.

పల్లవి